బోరుగుంత మీద ప్రార్థన

మా బావి నీళ్ల రంగు మారిందని మొదట కనిపెట్టింది మేం కాదు. పెరట్లో రేకుల గదిలో కిరాయికుండే పాలమూరు ఆమె కనిపెట్టింది. ఒకరోజు పొద్దున్నే గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, మూత తీసి మా అత్తయ్య ముఖం ముందు పెట్టింది.

"జూడమ్మా. నేనేమన్న పులిహోర జేసిన్నా?"

గిన్నెలో అన్నం లేత పసుపుగా ఉంది. అత్తయ్య రెండు మెతుకులు వేళ్లతో నలిపి వాసన చూసింది.

"పసుపు చెయ్యి కడుక్కోకుండా ఎసరు పెట్టుంటావే."

"మా ఇంట్ల పసుపెక్కడిది? నిన్న మీ కోడలిని అడుగుతే నాకూ లేదన్నది గద."

నిజమే, అన్నాను. అత్తయ్య బావి దగ్గరికి వెళ్లి చేద వేసి తోడింది. చేదలో చూస్తే నీళ్లు మామూలుగానే ఉన్నాయి. తెల్లటి పళ్లెంలో పోస్తే తెలిసింది. ఎవరో చిటికెడు కుంకుమపువ్వు వేసి కలిపినట్టున్నాయి.

తొంభైల నడుమ మాట ఇది. అశోక్‌నగర్‌లో మురుగు నాలా వైపు దిగే గల్లీలో మా ఇల్లు. మా ఆయన రైల్వేలో గార్డు. ఇంట్లో ఉన్న రోజుల కన్నా బండి మీద ఉన్న రోజులే ఎక్కువ కాబట్టి ఇందులో ఆయన పాత్ర లేదు. ఇంట్లో ఉండేది నేనూ, అత్తయ్యా. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అవి కూడా సన్నటి దారంలాగా కాసేపు వచ్చి ఆగిపోయేవి. మిగిలిన అన్ని అవసరాలకూ బావే. మాకూ, పాలమూరు ఆమె కుటుంబానికీ, ఎండాకాలంలో చేతిపంపులు ఎండితే పక్క బస్తీలో సగం మందికీ ఆ బావే ఆధారం.

అత్తయ్యది ఒంగోలు వైపు. పెళ్లయి ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటినా భాష మారలేదు, పట్టుదలా మారలేదు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నారాయణగూడలోని మా క్రైస్తవ సంఘంలో ఆదివారం మొదటి బెంచీ ఆమెది. నాకు వాక్యం నేర్పింది మా అమ్మ అయితే, దాన్ని సోమవారం నుంచి శనివారం దాకా ఎలా బతకాలో నేర్పింది అత్తయ్య. దాన్ని ఎక్కడెక్కడ సడలించుకోవచ్చో మాత్రం ఆమె నేర్పలేదు. ఆమెకే తెలియదు.

మా పెరటి గోడకు అవతల ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. సైకిల్ హ్యాండిళ్లు, కొళాయిలు, హోటలు కుర్చీల కాళ్లు అక్కడికి తుప్పుగా వచ్చి మెరుస్తూ వెళ్లేవి. రంగునీళ్ల తొట్టెల్లో ముంచి, కరెంటు పెట్టి పూత ఎక్కించేవారు. అందరూ నికెల్ షెడ్డు అనేవారు. దాని యజమాని మా సంఘపెద్ద. అత్తయ్య కన్నా పదేళ్లు చిన్న. అత్తయ్య ఆయన్ని "తమ్ముడూ" అని పిలిచేది. ఆయన "అక్కా" అనేవాడు. సంఘంలో ఆయన ప్రార్థన చేస్తే పెద్దవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. గొంతు అలాంటిది. ఆ గొంతు దేవుడిచ్చిందేనని ఇప్పటికీ నమ్ముతాను. ఇచ్చినదానితో ఏం చేశాడన్న లెక్క వేరు. అది ఆయనా దేవుడూ చూసుకోవాలి.

పాలమూరు ఆమె భర్త ఆ షెడ్డులోనే పనిచేసేవాడు. అతని చేతుల మీద పుళ్లు ఉండేవి. మామూలు పుళ్లు కావు. మేకుతో గుచ్చి తవ్వినట్టు గుండ్రంగా, లోతుగా ఉండేవి. ముక్కులోంచి అప్పుడప్పుడు రక్తం కారేది. అత్తయ్య వారానికోసారి అతన్ని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి చేతులు కడిగి కట్లు కట్టేది. పసుపు అన్నం చూసిన రోజు కట్టు కడుతూ అడిగింది.

"మీ తొట్టెలు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయిరా?"

అతను పెళ్లాం వైపు చూశాడు. ఆమె "చెప్పు, నోరు పడిపోయిందా?" అంది.

"షెడ్డుల ఎండిపోయిన బోరున్నదమ్మా. దాంట్లకు పైపు ఏసిన్రు."

"కాలవలోకి వదలొచ్చుగా?"

"నాలాల ఇడిస్తే కనవడ్తది గదమ్మా. బోరుల ఇడిస్తే భూమి తాగుతది, ఎవ్వరికి ఎర్క?"

భూమి తాగింది. గోడ ఇవతల మేం తాగాం.

ఆ రోజు నుంచి బావి నీళ్లు తాగడానికి వాడొద్దని అత్తయ్య ఇంట్లో ఆజ్ఞ వేసింది. తరవాత ఏం చేయాలన్న దానికి ఆమెకు ఒకే దారి తెలుసు. తోటి విశ్వాసి తప్పు చేస్తే మొదట ఒంటరిగా వెళ్లి అతనికే చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మా సంఘంలో ఆ వరస తప్పినవాళ్లను మేం మనుషులుగా కూడా లెక్కపెట్టేవాళ్లం కాదు. ఎవరి తప్పయినా ఎవరి వెనకా మాట్లాడటం మాకు పాపం.

ఆమె వెళ్లింది. ఆయన కుర్చీ వేసి, టీ తెప్పించి, "జర చూస్తనక్కా, నాకు ఎర్కలే ఈ సంగతి" అన్నాడు. వాన పడితే పైనుంచి నాలా నీళ్లు ఊరతాయని, అదే అయి ఉంటుందని అన్నాడు. రెండోసారి నన్నూ, సంఘంలో మరో పెద్దావిడనూ తీసుకెళ్లింది. ఈసారి టీ రాలేదు.

"అక్కా, ఇరవై మంది కూలోళ్లు బతుకుతున్నరు నా తాన. బంద్ వెట్టమంటవా?"

"పని ఆపమనలేదు తమ్ముడూ. ఆ నీళ్లు శుద్ధి చేసి బయటికి వదలమంటున్నాను. దానికి యంత్రాలుంటాయటగా."

"ఆ మెషీన్ పెట్టాల్నంటే షెడ్డే అమ్ముకోవాలె." ఆయన నవ్వాడు. "మనది పరలోకం కోసం చూసే బతుకు గదక్కా. గీ బావి మీద గింత మోజేంది నీకు?"

మాతో వచ్చిన పెద్దావిడ కూడా నవ్వింది. మూడోది సంఘం. పాస్టరు గారు పెద్దల కమిటీకి చెప్పారు. ఆ కమిటీకి పెద్ద ఎవరో చెప్పనక్కర్లేదు. బావి, బోరు, నీళ్ల రంగు అనేవి లోక సంబంధమైన విషయాలని, సంఘం ఆత్మల సంగతి మాత్రమే చూస్తుందని తీర్మానించారు.

అప్పుడు అత్తయ్య చిక్కడపల్లి వెళ్లింది. మార్కెట్ దగ్గర మందుల షాపు పైన ఒక ప్లీడరు గారి ఆఫీసు ఉండేది. కాలుష్యం కేసులంటే ఆయనకు ఇష్టమని, ఫీజు గురించి గట్టిగా అడగడని ఆస్పత్రిలో పాత పరిచయస్థులెవరో చెప్పారు. సన్నటి మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని అత్తయ్య చెప్పిందంతా విన్నాడు.

"బాగుంది. షెడ్డు ఓనరును మొదటి ప్రతివాదిగా వేస్తాను."

"వద్దండి. ఆయన పేరు వద్దు."

"పేరు లేకుండా కేసా?"

"ఆయన మా సంఘం మనిషండి. తోటి విశ్వాసి మీద కోర్టుకెక్కకూడదు మేం. అది మాకు ఆజ్ఞ."

ప్లీడరు గారు నా వైపు చూశారు. నేను తల ఊపాను.

"మరి ఎవరి మీద ఎక్కుతారమ్మా? బావి మీదా?"

"ఆ కాలుష్యం ఆఫీసు మీద వేయండి. చట్టం ఉంది, దాన్ని అమలు చేసే ఉద్యోగం వాళ్లది, చేయట్లేదని వేయండి. వాళ్లేమీ నాకు సహోదరులు కారుగా."

ఆయన గట్టిగా నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. ఆమె హాస్యానికి అనలేదని అర్థమైంది. అలాగే హైకోర్టులో రిట్ వేశారు. విచిత్రం, అది నిలబడింది. ఆఫీసువాళ్లు ఆ గల్లీకి వెళ్లి తనిఖీ చేసి, నీళ్ల నమూనాలు తీసి, నివేదిక ఇచ్చి, చట్ట ప్రకారం చర్య తీసుకోవాలని కోర్టు చెప్పింది. ఆ సాయంత్రం ప్లీడరు గారు మా ఇంటికి స్వయంగా స్కూటర్ మీద వచ్చారు.

"బుధవారం వస్తున్నారు. బావి చూపించాలి కాబట్టి మీకు మాత్రం తెలియజేశారు. షెడ్డువాడికి తెలియకూడదు. చెప్పాపెట్టకుండా వెళ్లి, పని జరుగుతుండగా ఆ బోరులో పైపు పట్టుకుంటేనే కేసు. లేదంటే ఏమీ లేదు. అర్థమైందా అమ్మా?"

"అర్థమైందండి" అంది అత్తయ్య.

ఆయన స్కూటర్ మలుపు తిరిగే దాకా గుమ్మంలో నిలబడింది. తరవాత లోపలికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని, "పద, షెడ్డు దాకా వెళ్లొద్దాం" అంది.

"ప్లీడరు గారు వద్దన్నారు కదత్తయ్యా."

"ప్లీడరు గారికి కోర్టు తెలుసు. నా తమ్ముడి వెనక గొయ్యి తవ్వి, ఆదివారం అతనితో కలిసి ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె ఎలా తినను? బుధవారం లోపల తనంతట తానే ఆ పైపు తీసేస్తే కేసు గెలిచినట్టే కదా. శిక్ష పడాలని నాకేం లేదు. నీళ్లు బాగుపడితే చాలు."

నేను ఆపలేదు. ఇన్నేళ్ల తరవాత కూడా ఆపాల్సిందని అనుకోవడం లేదు. ఆమె చేసింది సరైనది. సరైనది చేసినవాళ్లకు ఈ లోకంలో మంచే జరుగుతుందని మాకెవరూ మాట ఇవ్వలేదు.

షెడ్డు గుమ్మంలో ఆయన విన్నాడు. విని రెండు చేతులతో అత్తయ్య చేయి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

"అక్కా, ఇంకెవరైనా గిట్ల వచ్చి చెప్తరా? నువ్వు నిజమైన సహోదరివి. నేను సోచాయిస్త. దేవుడు నాతోని మాట్లాడిండు ఇయ్యాల."

ఇంటికి వచ్చే దారి పొడుగునా అత్తయ్య పాట పాడుతూనే ఉంది. మంగళవారం సాయంత్రం సంఘం కుర్రాడొకడు ఇంటింటికీ తిరిగి చెప్పాడు: రేపు పొద్దున పదకొండింటికి సహోదరుని షెడ్డులో కృతజ్ఞతా కూటం, అందరూ రావాలి. మాకు కూడా చెప్పాడు.

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "చూశావా? మనసు మారింది. పని ఆపి కృతజ్ఞతలు చెల్లిస్తున్నాడు. ఆఫీసువాళ్లు వచ్చేసరికి పైపూ ఉండదు, పాపమూ ఉండదు." ఆ రాత్రి ఇస్త్రీ పెట్టె వేడి చేసి తన జరీ అంచు తెల్లచీర తనే ఇస్త్రీ చేసుకుంది.

బుధవారం మేం వెళ్లేసరికి షెడ్డు గుర్తుపట్టలేకుండా ఉంది. తొట్టెలు గోడవారన బోర్లించి దుప్పట్లు కప్పారు. వాటిలో ఎత్తయినదాని మీద తెల్లగుడ్డ పరిచి పాస్టరు గారికి ప్రసంగ పీఠం చేశారు. నేలంతా కడిగి చాపలు వేశారు. మగవాళ్లు ఎడమ, ఆడవాళ్లు కుడి. సంఘంలో సగానికి పైగా వచ్చారు. అగరొత్తులు మాలో వెలిగించరు గానీ, ఆ రోజు ఎక్కడ చూసినా ఫినాయిలు వాసన. అత్తయ్యను పాస్టరు గారి భార్య చేయి పట్టుకుని తీసుకెళ్లి ఆడవాళ్ల వరసలో సరిగ్గా నడిమధ్య కూర్చోబెట్టింది. నేను పక్కన కూర్చున్నాను. చాప కింద నేల తడిగా, చల్లగా ఉంది.

రెండు పాటలయ్యాక పాలమూరు ఆమె భర్త మంచినీళ్ల జగ్గు పట్టుకుని వరసల మధ్యకు వచ్చాడు. అత్తయ్యకు గ్లాసు అందించాడు. గ్లాసు అందుకుంటూ ఆమె అతని చేతి వైపు చూసింది. ఆదివారం తను కట్టిన కట్టు. దాని మీద సిమెంటు. పచ్చి సిమెంటు, ఇంకా ఆరలేదు.

"ఏం పని చేశావురా చేత్తో?" అంది మెల్లగా.

అతను ఆమె కూర్చున్న చాప వైపు చూసి, చూపు తిప్పుకుని, వెళ్లిపోయాడు.

అప్పుడే బయట జీపు ఆగింది.

ఇద్దరు మనుషులు. ముందున్నాయన లావుగా, చెమటతో ఉన్నాడు. వెనక ఉన్నతని చేతిలో చెక్కపెట్టె, అందులో సీసాలు. గుమ్మంలోకి వచ్చి లోపలికి చూసి ఆగిపోయారు. సంఘపెద్ద ఎదురు వెళ్లాడు. నవ్వుతూ, చేతులు జోడించి, "రాండ్రి సార్, రాండ్రి. ప్రార్థన నడుస్తున్నది. మీ పని మీరు చూసుకోండ్రి" అన్నాడు. వాళ్లు బూట్లు విప్పారు. ఒకాయన సాక్సుకు బొటనవేలి దగ్గర చిరుగు ఉంది. దాన్ని దాచుకోవడానికి పాదం ముడుచుకుని నడిచాడు.

సంఘపెద్ద వెనక్కి వచ్చి, "ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరం తలలు వంచాం, కళ్లు మూశాం. మా దగ్గర ప్రార్థన మొదలయ్యాక ఆమెన్ అనే దాకా ఎవరూ కళ్లు తెరవరు, కదలరు, మాట్లాడరు. చిన్నపిల్లలకు కూడా దెబ్బలు వేసి నేర్పే సంగతి అది. ఆయన మొదలుపెట్టాడు. దేశం కోసం, ప్రభుత్వంలో ఉన్న అధికారుల కోసం, వానల కోసం, ఆ రోజు వచ్చిన కొత్త అతిథుల కుటుంబాల కోసం ప్రార్థించాడు. పుస్తకంలో అచ్చువేసినట్టు పోయే తెలుగు. ఆయన ఇంట్లో మాట్లాడే తెలుగుకూ దానికీ పొంతన ఉండదు.

నా పక్కన అత్తయ్య లేచి నిలబడింది.

ఆమె అలా లేస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు. నలభై ఏళ్లలో ఆమె ప్రార్థన మధ్యలో దగ్గు వస్తే చీర కొంగు నోట్లో కుక్కుకునే మనిషి.

"అయ్యా, ఆఫీసు నుంచి వచ్చినాయనా" అంది. "చాపలు తీయించండి. ఇదిగో, నేను నిలబడ్డచోటే బోరు ఉంది. ఇవాళ పొద్దున్నే మూసి సిమెంటు చేశారు."

సంఘపెద్ద కళ్లు తెరవలేదు. గొంతు మాత్రం పెరిగింది.

"ప్రభువా, మా మధ్య ఉన్న ఈ సహోదరిని జ్ఞాపకం చేసుకొనుము. ఆమె హృదయములో పేరుకొన్న చేదును నీవే తీసివేయుము."

"ఆమెన్" అన్నారు ఆడవాళ్లందరూ.

"బాబూ, తీసి చూడండి, ఒక్క చాప!"

"ఆమెను పీడించుచున్న దురాత్మను బంధించుము తండ్రీ."

"ఆమెన్!"

ఈసారి ఇంకా గట్టిగా వచ్చింది. పాస్టరు గారి భార్య కళ్లు మూసుకునే చేయి చాచి అత్తయ్య కుచ్చిళ్లు పట్టుకుని కిందికి లాగింది. అవతలి వైపు నుంచి ఇంకొకావిడ లాగింది. అత్తయ్య మోకాళ్ల మీద పడింది. నేను ఒకావిడ చేయి విడిపించాను. ఇంకో రెండు చేతులు వచ్చి ఆమె తల మీద ఆనాయి, గట్టిగా నొక్కాయి. అందరూ ఒకేసారి పెద్దగా ప్రార్థించడం మొదలుపెట్టారు. ఆమె ఏమంటోందో పక్కనే ఉన్న నాకు కూడా వినపడలేదు.

లావుపాటి అధికారి చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాడు. తన పక్కనున్న అతనితో, "పద పద, పూజ మధ్యలో మనమెందుకు" అనడం మాత్రం నాకు కనబడింది. పెదవులు చదివాను. బయట చేతులు కడుక్కునే కొళాయి కింద ఒక సీసా నింపుకున్నారు. తరవాత మా పెరట్లోకి వెళ్లి బావిలో ఒక సీసా నింపుకున్నారు. పాలమూరు ఆమె చేద వేసి తోడి ఇచ్చిందట.

వాళ్ల జీపు వెళ్లిన చప్పుడు విన్నాక ఆయన ఆమెన్ అన్నాడు.

ప్లీడరు గారికి నివేదిక అందిన రోజు మమ్మల్ని పిలిపించారు. కూర్చోమని అనలేదు. షెడ్డులో ఉత్పత్తి ఏదీ జరగడం లేదట, ప్రార్థనలకు వాడుతున్నారట. బయటి కొళాయి నీళ్లు నిర్దోషం. బావి నీళ్లు మాత్రం విషపూరితం, మనుషుల వాడకానికి పనికిరావు. కారణం తెలియదు, నాలా కావచ్చు.

"ఆయనకు ముందే తెలిసింది. ఎలా తెలిసిందమ్మా?"

"నేనే చెప్పాను."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "మీరు నాకు క్లయింటా, ఆయనకు క్లయింటా?" అన్నాడు. "చట్టం ప్రకారం చర్య తీసుకోవాలని కోర్టుతో నేనే అనిపించాను. ఇప్పుడు తీసుకుంటారు. ఎవరి మీద తీసుకుంటారో చూడండి."

మా మీదే తీసుకున్నారు. ప్రజారోగ్యం దృష్ట్యా బావిని వెంటనే పూడ్చివేయాలని, లేకపోతే యజమాని మీద కేసు పెడతామని నోటీసు వచ్చింది. ఒకతను ఎర్రరంగు డబ్బా తెచ్చి బావి గట్టు మీద 'వాడరాదు' అని రాసిపోయాడు. షెడ్డులో ఆ వారమే తొట్టెలు తిరగేసి నిలబెట్టారు. గోడ అవతల మళ్లీ మోటారు హోరు.

ఆదివారం సంఘంలో అత్తయ్యను ముందుకు పిలిచారు. రెండు నేరాలు: దేవుని సన్నిధిలో ప్రార్థనను భంగపరచడం, సహోదరుని మీద అబద్ధ సాక్ష్యం చెప్పడం. రెండింటికీ క్షమాపణ అడగాలి.

"మొదటిదానికి అడుగుతాను" అంది అత్తయ్య. "ప్రార్థన మధ్యలో లేచాను. అది తప్పు. క్షమించండి."

"రెండోదానికి?"

"చాప తీసి చూపించి, అప్పుడు అడగమనండి."

పాస్టరు గారు సంఘపెద్ద వైపు చూశారు. ఆయన లేచి, "నేను మా అక్కను క్షమించేసిన అయ్యగారూ. నా మనసుల ఏం లేదు" అన్నాడు. అందరూ దేవునికి స్తోత్రం అన్నారు. ఆయన క్షమించాడు గాని, సంఘం ఆమెను ప్రభువు బల్ల నుంచి ఆపేసింది, ఇక రొట్టె, రసం ఆమెకు ఇవ్వరు. ఆ పూట రొట్టె పళ్లెం మా బెంచీ దగ్గరికి వచ్చినప్పుడు పంచేవాడు దాన్ని అత్తయ్య తల మీదుగా ఎత్తి నాకు అందించాడు. నేను తీసుకోకుండా పక్కకు పంపాను. అత్తయ్య నా మోకాలి మీద గట్టిగా కొట్టింది. "నిన్ను ఆపలేదుగా! తీసుకో" అంది. ఆ తరవాత ప్రతి ఆదివారం ఆమె పక్కన కూర్చుని నేను తీసుకున్నాను, ఆమె చూసింది.

బావి పూడ్చడానికి మట్టి ఎక్కడ తేవాలో మాకు తెలియలేదు. అదీ ఆయనే చూశాడు. సహోదర ప్రేమతో, ఏమీ ఆశించకుండా, తన కూలీలతో పూడ్పిస్తానని సంఘంలో ప్రకటించాడు. శనివారం వాళ్లు తోపుడుబళ్లతో వచ్చారు. పాస్టరు గారు ముందుగా ప్రార్థన చేసి వెళ్లారు. మొదట డ్రమ్ములు వచ్చాయి. మూతలు తీసి బావిలోకి వంచారు. తొట్టెల అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న బురద. ఆకుపచ్చ, పసుపు, ఒకదాంట్లో దాదాపు నారింజరంగు. అది లోపలికి జారుతుంటే కుతకుతమని చప్పుడు. పాలమూరు ఆమె భర్తే డ్రమ్ములు పట్టుకున్నాడు. చేతుల కట్లు ఆ బురదతో నానిపోయాయి.

"అదేంట్రా, ఆపండి! అది మట్టి కాదు!" అని అత్తయ్య గట్టు దగ్గరికి పరిగెత్తింది.

సంఘపెద్ద నెమ్మదిగా ఆమెను పక్కకు జరిపాడు. "మట్టేనక్కా. పైన కంకర పోస్తే అంతా ఒక్కటే. బావి బంద్ జెయ్యమని గవర్నమెంటే గద చెప్పింది. చట్టానికి లోబడాలె మనం."

పైన కంకర పోసి దిమ్మిసతో చదును చేశారు. మధ్యాహ్నం భోజనాలకి ముందే అయిపోయింది.

పాలమూరువాళ్లు మర్నాడు అడిక్‌మెట్ వైపు గది చూసుకున్నారు. నీళ్లు లేని చోట ఎలా ఉంటారు? సామాను రిక్షాలో ఎక్కించాక ఆమె అత్తయ్య దగ్గరికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అమ్మా, ఒక్కటడుగుత. ఆఫీసోళ్లు వస్తున్నరని ముందుగాల ఆయనకెందుకు చెప్పినవ్?"

"చెప్పాలి కాబట్టి చెప్పాను. వెనక నుంచి చేయకూడదు మేం."

"మరి నాకెందుకు చెప్పలే?"

అత్తయ్య రిక్షాలోని సామాను వైపు చూసింది.

"ఆ నీళ్లు తాగింది నేను. చేతులు పుళ్లు పడ్డది నా పెనిమిటికి. నాకు ఒక్క మాట చెప్పుంటే పొద్దుగాలనే పోయి ఆ బోరు మీద కూసుందును. సిమెంటు ఎట్ల ఏస్తరో చూద్దును. నన్ను లేపెటోడెవడు? నీ తమ్ముడు నీకున్నడు, మంచిగనే ఉన్నది. నేనేమైత నీకు?"

రిక్షా ఎక్కింది. ఆమె భర్త కట్లు లేని చేతులతో వెనక నుంచి తోశాడు.

అత్తయ్య ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం చెప్పులు వేసుకుని నాలా పక్క బస్తీకి బయల్దేరింది, నన్ను రమ్మంది. అక్కడ ప్రతి నాలుగు ఇళ్లకూ ఒక చేతిపంపు ఉండేది. ఈసారి ఆమె ఎవరి దగ్గరికీ ఒంటరిగా వెళ్లి గొంతు తగ్గించి చెప్పలేదు. మొదటి పంపు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల మధ్యకు వెళ్లి, షెడ్డు పేరు, యజమాని పేరు, బోరు ఎక్కడుందో, బావిలో ఏం పోశారో అన్నీ పైకి చెప్పింది. ఈ నీళ్లు తాగొద్దు, పిల్లలకు పట్టొద్దు, అందరం కలిసి మళ్లీ కేసు వేద్దాం, ఈసారి ఆయన పేరుతోనే వేద్దాం అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

వాళ్లు విన్నారు. పంపు కొడుతున్నామె కొట్టడం ఆపలేదు. పక్కన నిలబడ్డ ఒక ముసలామె అత్తయ్యను పై నుంచి కింది దాకా చూసింది.

"గా ఆఫీసోళ్లు వచ్చిననాడు షెడ్డు తలుపులు తీసే ఉండె. మేమంత గోడ మీంచి చూసినం. నువ్వు జరీచీర కట్టుకోని నడిమిట్ల కూసొని పాటలు పాడుతుంటివి గదమ్మా."

"తరవాత లేచాను నేను. చెప్పాను వాళ్లతో."

"గదేమో మాకు ఇనవడలే. మీరంత ఒక్కసారే ఆమెన్ ఆమెన్ అన్నదే ఇనవడ్డది." ఆమె బిందె ఎత్తి నడుముకు ఆనించుకుంది. "జరుగమ్మా, లైనుంది."